అజంతా అమానత్‌ను కాచిన ఉస్తాద్: జనాబ్ గులాం యజ్దానీ

ఈ యేడు సంచికకు ఒక పెద్దాయన జీవితం రాయమని కార్యవర్గం వారు అడిగినప్పుడు నాకు ముందుగా స్ఫురించిన పేరు జనాబ్ గులాం యజ్దానీ సాహెబ్. ఆయన కత్తి పట్టిన వీరుడు కాదు, గద్దె ఎక్కిన నవాబూ కాదు. మొదట నాబోటి పంతులే. నల్లబల్ల ముందు నిలబడి అరబ్బీ, ఫార్సీ చెప్పినవాడు. అలాంటివాడు అజంతా గుహల్లోని బొమ్మలను కాపాడి, వాటి రంగుల ఛాయాచిత్రాలను ప్రపంచం ముందు పెట్టాడు. ఆ కథ మన పిల్లలకు తెలియాలి.

అజంతా ఎక్కడ, మన మాచవరం ఎక్కడ అని కొందరు అనుకోవచ్చు. సంబంధం ఉంది. మన పల్నాటి నేల కింద ఉన్నది సున్నపురాయి. పిడుగురాళ్ళ దారిలో బట్టీల పొగ చూడనివారు మనలో లేరు. ఆ జాతి రాయి మీదనే పద్దెనిమిది వందల ఏళ్ళ నాడు అమరావతిలోనూ, నాగార్జునకొండలోనూ శిల్పులు బొమ్మలు చెక్కారు. ఇదే రాయి చెక్కితే శిల్పం, కాలిస్తే సున్నం. అమరావతిలో రెండూ జరిగాయి. 18వ శతాబ్దం చివర అక్కడి దిబ్బను తవ్వినప్పుడు బయటపడ్డ పలకలు ఎన్నో కట్టుబడి పనులకు పోయాయి, ఎన్నో సున్నంగా కాలిపోయాయి. కల్నల్ మెకంజీ అనే దొర మనుషులు 1816 తరువాత అక్కడ కూర్చుని మిగిలిన పలకలకు బొమ్మలు గీశారు. తరువాత మాయమైన కొన్ని పలకలకు ఈనాడు ఆ కాగితం మీది గీతలే ఆధారం. 1858లో కెప్టెన్ ట్రైప్ అనే ఆయన మద్రాసుకు చేరిన అమరావతి శిల్పాలకు ఫోటోలు తీశాడు. మన ప్రాంతపు శిల్పాలకు తీసిన తొలి ఫోటోలలో అవి చేరతాయి.

చెప్పొచ్చేదేమంటే, వస్తువు పోయినా దాని రూపం నిలవాలంటే ఎవరో ఒకరు సకాలంలో పూనుకోవాలి. యజ్దానీ సాహెబ్ జీవితమంతా ఆ పూనికే.

బాల్యము, చదువు

గులాం యజ్దానీ గారు 1885లో ఢిల్లీ నగరంలో జన్మించారు. 1857 నాటి అల్లకల్లోలం జరిగి అప్పటికి ముప్పై ఏళ్ళయినా కాలేదు. పాత ఢిల్లీలో కూలిన హవేలీలు, ఖాళీ అయిన మదర్సాలు ఆ తరం పిల్లలు కళ్ళారా చూసినవే. ఒక నగరం తన గుర్తులను ఎలా పోగొట్టుకుంటుందో చెప్పడానికి అంతకన్నా మంచి పాఠశాల ఏముంటుంది?

ఆయన పాత పద్ధతిలో అరబ్బీ, ఫార్సీ చదువుకున్నారు, కొత్త పద్ధతిలో ఇంగ్లీషు కాలేజీ చదువూ చదివారు. ఈ రెండు కాళ్ళ మీద నిలబడగలగడమే ఆయన జీవితానికి మలుపయింది. కాలేజీలలో అధ్యాపకుడుగా పనిచేస్తూ పాత శాసనాల మీదికి మనసు మళ్ళించారు. మసీదు గుమ్మం మీద, దర్గా గోడ మీద, కోట ద్వారం మీద రాతిలో చెక్కిన ఫార్సీ, అరబ్బీ అక్షరాలను మనం కత్‌బా అంటాము. దాన్ని చదవడం కాగితం చదివినట్టు కాదు. ఒక అక్షరం మీద మరొక అక్షరం ఎక్కించి, తీగలు అల్లినట్టు చెక్కి ఉంటుంది. తడిపిన కాగితాన్ని రాయి మీద పరిచి, కుంచెతో అక్షరాల గుంటల్లోకి కొట్టి, పైన సిరా అద్ది అచ్చు తీయాలి. అప్పుడు ఇంటికి తెచ్చుకొని దీపం ముందు చదవాలి. అలాంటి శాసనాలు అచ్చయ్యే ప్రభుత్వ పత్రికకు యజ్దానీ గారు పాతికేళ్ళ పైచిలుకు సంపాదకులుగా ఉన్నారు.

హైదరాబాదు పిలుపు

1914లో హైదరాబాదు సంస్థానంలో పురావస్తు శాఖ ఏర్పడింది. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గద్దె మీద ఉన్నారు. ప్రభుత్వంలో ప్రముఖుడైన అక్బర్ హైదరీ గారికి ఇలాంటి పనులంటే మక్కువ. కొత్త శాఖను నడపడానికి యజ్దానీ గారిని రప్పించారు. అప్పటికి ఆయన వయసు 29 ఏళ్ళు. 1943లో పదవీ విరమణ చేసేదాకా, అంటే సరిగ్గా మరో 29 ఏళ్ళు, ఆ శాఖకు ఆయనే అధిపతి.

ఆనాటి సంస్థానం అంటే ఈనాటి తెలంగాణ ఒక్కటే కాదు. మరాఠీ జిల్లాలు, కన్నడ జిల్లాలు అందులోనివే. అజంతా, ఎల్లోరా, దౌలతాబాదు, బీదరు, గుల్బర్గా, గోలకొండ, వరంగల్లు, పాలంపేట అన్నీ ఆ ఎల్లల లోపలే ఉండేవి. బౌద్ధుల గుహలు, జైనుల గుహలు, శివాలయాలు, సుల్తానుల గోరీలు, మదర్సాలు అన్నింటికీ ఒకే శాఖ. అన్నీ చెట్లు మొలిచి, నీరు కారి, గబ్బిలాలు పట్టి ఉన్నవే.

ఇక్కడ యజ్దానీ గారి గుణం ఒకటి చెప్పాలి. ఆయన ఇది మనది, అది వాళ్ళది అని విడదీయలేదు. ఆయన మొదటి పెద్ద పుస్తకాలలో ఒకటి పాలంపేట గుళ్ళ గురించి. మనం రామప్ప గుడి అంటామే, అదే. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఆ ఆలయం అడవి పక్కన మరుగున పడి ఉన్న రోజుల్లో, 1922లోనే యజ్దానీ గారు దాని శిల్పాలను ఫోటోలతో సహా వివరించి ప్రచురించారు. ఆ గుడికి 2021లో ప్రపంచ వారసత్వ కట్టడమనే గుర్తింపు వచ్చింది. పత్రికల్లో బొమ్మలు చూసి మనమంతా సంతోషించాం కదా. అంతకు 99 ఏళ్ళ ముందే ఒక ఢిల్లీ మౌల్వీ తరహా మనిషి ఆ ఊరి రాళ్ళ గొప్ప గుర్తించి పుస్తకం రాశాడు.

మాళవంలోని మాండూ నగరం మీద 1929లో ఒక పుస్తకం, బీదరు చరిత్ర మీద 1947లో ఇంకొక పెద్ద పుస్తకం వెలువరించారు. బీదరులో మహమూద్ గవాన్ వజీరు 1472లో కట్టించిన మదర్సా ఉంది. ముఖభాగం నిండా రంగుల పెంకులు అతికించిన బడి అది. ఔరంగజేబు కాలంలో లోపల మందుగుండు పేలి సగం కూలింది. మిగిలిన సగం చూసినా కళ్ళు చెదురుతాయి. మెదకు వైపు కొండాపురంలో 1940 తరువాత తవ్వకాలు జరిపించి శాతవాహనుల నాటి నాణేలు, మట్టిబొమ్మలు వెలికి తీయించారు. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లో 1930లో మొదలైన మ్యూజియం కూడా ఆయన శాఖ చేతి పనే.

ఇవన్నీ ఒక ఎత్తు, అజంతా ఒక ఎత్తు.

అజంతా గుహలు, కాలిపోయిన నకళ్ళు

ఔరంగాబాదుకు ఉత్తరాన వాఘోరా అనే చిన్న ఏరు గుర్రపు నాడా ఆకారంలో మలుపు తిరుగుతుంది. ఆ మలుపు కొండను తొలిచి సుమారు ముప్పై గుహలు చేశారు. కొన్ని శాతవాహనుల నాటివి, మిగిలినవి క్రీస్తు తరువాత 5వ శతాబ్దంలో వాకాటకుల నాటివి. గోడకు మట్టి, వడ్ల ఊక కలిపి మెత్తి, పైన సన్నని సున్నపు పూత పూసి, ఆ పూత ఆరిన తరువాత రంగులు వేశారు. ఎర్రమన్ను, పచ్చమన్ను, దీపపు మసి, ఆకుపచ్చ రాయి పొడి. నీలం మాత్రం ఆఫ్ఘన్ కొండల నుంచి వచ్చిన రాయి. ఆ రంగులతో బుద్ధుని జీవితం, జాతక కథలు, రాజులు, దాసీలు, ఏనుగులు, కోతులు, అంగడి వీధులు గోడల నిండా రాశారు.

తరువాత ఆ లోయను లోకం మరిచిపోయింది. 1819లో జాన్ స్మిత్ అనే సైనికుడు వేటకు వచ్చి చూసి బయటపెట్టాడు. అక్కడి నుంచి బొమ్మలకు మంచి రోజులూ, చెడ్డ రోజులూ రెండూ వచ్చాయి. వచ్చినవారు పేర్లు గీకారు, కొందరు గోడ నుంచి ముక్కలు పెళ్ళగించి పట్టుకుపోయారు.

నకళ్ళు రాద్దామని పూనుకున్నవారి కథ వింటే ఎవరికైనా గుండె తరుక్కుపోతుంది. మేజర్ రాబర్ట్ గిల్ 1844 నుంచి దాదాపు ఇరవై ఏళ్ళు అక్కడే ఉండి పెద్ద పెద్ద గుడ్డల మీద తైలవర్ణాలతో నకళ్ళు రాశాడు. వాటిని లండనులో క్రిస్టల్ ప్యాలెస్‌లో ప్రదర్శనకు పెట్టారు. 1866లో అక్కడ నిప్పంటుకొని కొన్ని తప్ప అన్నీ కాలిపోయాయి. తరువాత బొంబాయి చిత్రకళాశాల నుంచి గ్రిఫిత్స్ దొర తన శిష్యులతో వచ్చి 1872 నుంచి పదమూడేళ్ళు శ్రమించాడు. ఆ నకళ్ళలోనూ చాలా భాగం 1885లో లండను మ్యూజియంలోనే కాలిపోయింది. జపాను చిత్రకారులు వచ్చి రాసుకుపోయిన నకళ్ళు 1923 నాటి టోక్యో భూకంపంలో నాశనమయ్యాయి. 1909 తరువాత లేడీ హెరింగ్‌హామ్ అనే చిత్రకారిణి వచ్చింది. కలకత్తా నుంచి నందలాల్ బోస్ వంటివారు, హైదరాబాదు నుంచి సయ్యద్ అహ్మద్ అనే యువకుడు ఆమెకు సాయం చేశారు. ఆ సయ్యద్ అహ్మద్ గారే తరువాత అజంతాకు క్యూరేటరు అయ్యారు.

చేతితో రాసిన నకలులో ఇంకొక చిక్కు ఉంది. రాసేవాడి చెయ్యి అందులోకి వస్తుంది. దొర రాస్తే ముఖాలకు దొరల పోలిక కొంత వస్తుంది. ఎక్కడైనా గోడ చెడిపోయి ఉంటే కలం ఊహతో పూరిస్తుంది. అసలు ఎంత, ఊహ ఎంత అని వందేళ్ళ తరువాత చూసేవాడికి తెలియదు.

ముందు వైద్యం, తరువాత ఫోటో

యజ్దానీ గారు మొదట చేసిన పని బొమ్మలు ఇంకా రాలిపోకుండా చూడడం. పూత గోడను వదిలి బుడగలా లేచి ఉన్నచోట్ల వేలు తగిలితే రాలిపోయేది. 1920 నుంచి రెండు చలికాలాలు ఇటలీ దేశపు నిపుణులు చెక్కోనీ, కౌంట్ ఓర్సీనీ అనే ఇద్దరిని రప్పించి పని చేయించారు. వారు పూతను గోడకు పట్టించారు, మసి తుడిచారు. ఇందులో ఒక లోపం కూడా జరిగింది, దాచనక్కర లేదు. రంగులు నిలవడానికి పైన పూసిన లక్క వార్నిష్ కాలక్రమాన పసుపెక్కి, బొమ్మలను మసకబార్చింది. తరువాతి తరాల రసాయన నిపుణులు దాన్ని తీయడానికి ఎంతో కష్టపడవలసి వచ్చింది. ఆనాటికి తెలిసిన మేలైన వైద్యం అదే. కానీ పూసింది తీయడం ఎంత కష్టమో అజంతా నేర్పింది.

ఆ తరువాత అసలు సంకల్పం. గోడల మీద ఉన్నది ఉన్నట్టుగా, ఊహ కలపకుండా, రంగులతో ఫోటో తీయించాలి. ఈ పనికి వాసీ అనే ఫోటోగ్రాఫరును నియమించారు. ఈనాడు జేబులోని ఫోనుతో రంగుల ఫోటో తీసే పిల్లలకు ఆనాటి కష్టం తెలియదు. అప్పటి పద్ధతిలో ఒకే బొమ్మను మూడుసార్లు తీయాలి. ఒకసారి ఎర్ర అద్దం గుండా, ఒకసారి పచ్చ అద్దం గుండా, ఒకసారి నీలం అద్దం గుండా. మూడు నెగెటివ్‌లకు మూడు బ్లాకులు చేసి, ఒకదాని మీద ఒకటి మూడు సిరాలతో అచ్చు వేస్తే అసలు రంగు వస్తుంది. ఈ మూడుసార్లలో కెమెరా వెంట్రుక వాసి కదిలినా అంచులు చెదిరిపోతాయి. గుహలో చీకటి. గోడలు ఎగుడు దిగుడు. వెనక్కు జరుగుదామంటే స్తంభాలు అడ్డం. కప్పు మీది బొమ్మ తీయాలంటే కెమెరాను ఆకాశం వైపు తిప్పాలి. ఇలా గుహ తరువాత గుహ, గోడ తరువాత గోడ తీశారు.

ఆ ఛాయాచిత్రాలు పటాలుగా, యజ్దానీ గారి వివరణతో ఆక్స్‌ఫర్డు ముద్రణాలయం నుంచి నాలుగు భాగాలుగా వెలువడ్డాయి. ఫోటోల ఆధారంగా చేసినవని పుస్తకం పేరులోనే చాటారు. మొదటి భాగం 1930లో, రెండవది 1933లో, మూడవది 1946లో, నాలుగవది 1955లో వచ్చాయి.

ఈ తేదీలను మరొకసారి చూడండి. మొదటి భాగం వచ్చేటప్పటికి ఆయనకు 45 ఏళ్ళు, చివరిది వచ్చేటప్పటికి 70. మధ్యలో రెండవ ప్రపంచ యుద్ధం వచ్చింది. 1943లో ఆయన ఉద్యోగం ముగిసింది. 1947లో దేశం రెండయింది. 1948లో ఆయన్ను నియమించిన రాజ్యమే పోయింది. చివరి భాగం వచ్చిన మరుసటి ఏడు, 1956లో, హైదరాబాదు రాష్ట్రం మూడు ముక్కలై అజంతా బొంబాయి రాష్ట్రంలోకి వెళ్ళిపోయింది. కుర్చీ లేదు, జీతం లేదు, సర్కారు లేదు. అయినా ఆయన పని ఆపలేదు. మనవాళ్ళు అమానత్ అంటారు చూడండి, ఒకరు నమ్మి అప్పగించినదాన్ని చెక్కు చెదరకుండా తిరిగి అప్పజెప్పడం. అప్పగించినవాడు పోయినా అమానత్ పోదు. యజ్దానీ గారు ఆ మాటకు అర్థం చేతలతో చూపించారు.

చివరి రోజులు

విరమణ తరువాత కూడా ఆయన హైదరాబాదును విడువలేదు. దక్కను ప్రాచీన చరిత్రను పలువురు పండితుల చేత రాయించి, తానే సంపాదకులై 1960లో వెలువరించారు. అందులో శాతవాహనులు, చాళుక్యులు, కాకతీయులు అందరూ ఉన్నారు. 1959లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చి గౌరవించింది. 1962లో హైదరాబాదులోనే కన్నుమూశారు.

ఆ పుస్తకాలు ధర ఎక్కువ కావడం వల్ల పెద్ద గ్రంథాలయాలలో తప్ప సామాన్యుడి చేతికి రాలేదు. ఇది ఒక లోటే. అయినా వాటి విలువ ఏమిటో జపానులో జరిగిన ఒక సంగతి చెబితే తెలుస్తుంది. నారా పట్టణం దగ్గర హోర్యూజీ అనే బౌద్ధాలయంలో అజంతాతో పోల్చదగ్గ గోడ చిత్రాలు ఉండేవి. 1949 జనవరిలో నిప్పంటుకొని అవి మాడిపోయాయి. అయితే 1935లోనే ఆ గోడలకు గాజు పలకల మీద నిలువెత్తు ఫోటోలు తీసి ఉంచారు. ఆ ఫోటోల ఆధారంతో 1960లలో చిత్రకారులు బొమ్మలను తిరిగి రాసి గోడలకు అమర్చారు. ఫోటో లేకపోతే ఏడ్చి ఊరుకోవలసిందే. అజంతాకు అల్లా దయవల్ల అలాంటి గతి పట్టలేదు. కానీ 1920ల నాటికీ ఇప్పటికీ గోడలో ఎక్కడ ఎంత రాలింది, ఎంత మసకబారింది అని పోల్చి చూడాలంటే ఆ పటాలు ఒక కొలబద్ద.

మనకు ఏమి పాఠం?

ఉర్దూ మీడియం చదువు ఎందుకు పనికొస్తుందని నన్ను తండ్రులు అడుగుతూ ఉంటారు. యజ్దానీ గారి అరబ్బీ, ఫార్సీయే ఆయన్ను రాళ్ళ దగ్గరికి తీసుకుపోయింది, ఇంగ్లీషు ఆయన మాటను ప్రపంచానికి చేర్చింది. ఒక భాష నేర్పి ఇంకొకటి మాన్పించడం తప్పు. రెండూ గట్టిగా నేర్పించండి.

రెండవది. మన పల్నాడులో నాగార్జునసాగరు కట్టేటప్పుడు, 1954 నుంచి 1960 వరకు, నీట మునగబోయే నాగార్జునకొండ లోయను తవ్వి, ఫోటోలు తీసి, కొన్ని కట్టడాలను విప్పి కొండ మీద, అనుపులో తిరిగి నిలబెట్టారు. సకాలంలో పూనుకున్నారు గనుక మిగిలాయి. కానీ ఊళ్ళలో చిన్న చిన్న గుర్తులను పట్టించుకునేవారు లేరు. పండుగ వచ్చిందంటే పాత గోడలకు సున్నం కొడతాం. ఆ వెల్ల కింద పెద్దలు చెక్కించిన అక్షరాలు ఏడాదికొక పొర చొప్పున పూడిపోతాయి. మా ఇంట్లో మా తాతగారి ఫోటో ఒక్కటే ఉండేది. ఒక వానాకాలం మట్టిమిద్దె కారి అద్దానికి కరుచుకుపోయింది. తీయబోతే ముఖం ఊడి వచ్చింది. ఆయన ఎలా ఉండేవారో ఈనాడు మా పిల్లలకు చూపలేను. తప్పు నాదే, రెండో ప్రతి తీయించలేదు.

అందుచేత సభ్యులకు నా మనవి. గోడకు సున్నం కొట్టే ముందు పాత రాతను ఒక్కసారి ఫోటో తీయండి. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు కాదు, పొద్దున్నో సాయంత్రమో ఏటవాలు వెలుగులో తీస్తే అక్షరం లేచి కనిపిస్తుంది. నూనె రాయవద్దు, సుద్ద రుద్దవద్దు. ఇంట్లోని పాత ఫోటోల వెనుక పెన్సిలుతో పేరు, ఊరు, సంవత్సరం రాయండి. నకళ్ళు రెండు చేసి రెండు ఇళ్ళలో ఉంచండి. ఒకే చోట ఉంచినవి ఎలా కాలిపోయాయో లండను చెప్పింది, టోక్యో చెప్పింది.

పిల్లలను హైదరాబాదు తీసుకువెళ్ళినప్పుడు చార్మినారు, జూ చూపించి తిరిగి రాకండి. పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంకు కూడా వెళ్ళండి. పిల్లలు ఈజిప్టు మమ్మీ దగ్గరికి పరుగెత్తుతారు, పోనివ్వండి. తరువాత అజంతా చిత్రాల నకళ్ళు ఉన్న గదిలోకి నడిపించండి. ఆ పద్మపాణి బొమ్మ ముందు నిలబెట్టి, దీన్ని నీ దాకా చేర్చినవారిలో గులాం యజ్దానీ అనే పంతులు ఒకడని చెప్పండి. ఆ మాట వాడికి పెద్దయ్యాక జ్ఞాపకం వస్తుంది.